ముట్టుకుంటే కదపాల్సిందే

గుండు చూసి సత్యవతి ముందు పోల్చుకోలేదు. వరండా అటు చివర్నుంచి నడిచి వస్తున్నాయన ఎవరో తిరుపతి వెళ్ళొచ్చిన మనిషనుకుంది. చూపు తిప్పేసుకుని మళ్ళీ డయాలసిస్ గది తలుపుకున్న అద్దంలోకి చూసింది. లోపల భర్త బాబూరావు ఎడమచెయ్యి చాపుకుని, కుడిచెయ్యి కళ్ళమీద వేసుకుని పడుకున్నాడు. ఇంకో గంట. ఈ ఆఖరి గంటే ఎప్పుడూ కదలదు. అంతకుముందువన్నీ ఎలాగో దొర్లిపోతాయి, మందుల చీటీ, టీ, ఎవరో ఒకరి కష్టసుఖాలు. ఆఖరి గంటలో మాత్రం నడుము బెంచీకి అతుక్కుపోతుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కానీ గాలి ఉండదు, మెడ మీంచి చెమట జారి జాకెట్టులోకి ఇంకిపోతూ ఉంటుంది, పొద్దున్న అల్లవరంలో ఆటో ఎక్కినప్పటి అలసట, నిన్నటి అలసట, పోయిన ఏడాది అలసట అన్నీ కూడబలుక్కుని వచ్చి ఒళ్ళో కూర్చుంటాయి. ఆ గుండాయన వచ్చి సరిగ్గా ఆమె పక్కన, మధ్యలో చదరంగం బోర్డు పట్టేంత జాగా వదిలి కూర్చుని, చంకలోంచి పసుపుపచ్చ గుడ్డసంచీ తీసినప్పుడు తెలిసింది. సుబ్బరాజుగారు. మీసం కూడా లేదు. కొడుకుల్లేరు కదా, భార్య కర్మ ఆయనే చేసుకుని ఉంటారు. ఆ మీసం లేకపోయేసరికి మొహం చిన్నదైపోయి, పైపెదవి లేతగా, ఎండ తగలని చోట చర్మంలా తెల్లగా ఉంది. చూడకూడనిదేదో చూసినట్టనిపించి ఆమె కళ్ళు దించుకుంది.

"టీ తాగేరా సత్యవతిగారూ?"

"ఆయ్, తాగేనండి. మీరు... ఎలా వచ్చేరండీ?"

"బస్సులోనండి."

అడిగింది అది కాదు. ఆయనకీ తెలుసు. కాసేపు ఇద్దరూ తలుపు అద్దం వైపే చూశారు. బాబూరావు పక్క మంచం, కిటికీ దగ్గరది, మొన్నమొన్నటిదాకా సుబ్బరాజుగారి భార్య అప్పాయమ్మగారిది. ఇప్పుడు దానిమీద ఎవరో కుర్రతనం పోని మనిషి, ఫోను గుండెలమీద పెట్టుకుని వీడియోలు చూస్తున్నాడు.

"ఆసుపత్రిలో ఏదన్నా పనుండి వచ్చేరా అండీ?"

"లేదండి. ఇవాళ మన రోజు కదా."

మన రోజు. అవును, వారంలో మూడు రోజులు వాళ్ళవి. ఆదివారం చర్చిదైనట్టు, సంతరోజు సంతదైనట్టు, ఆ మూడు రోజులూ ఈ బెంచీవి. మిగిలిన రోజులు ఆ మూడింటికోసం బట్టలు ఉతుక్కోవడానికీ, ఉప్పు లేని కూరలు వండుకోవడానికీ. రాజోలు అవతల్నుంచి ఆయన, అల్లవరం నుంచి ఈవిడ. రెండు వేపుల్నుంచి రెండు ఆటోలు ఇంచుమించు ఒకే టైముకి గేటు దగ్గర ఆగేవి. ఒక దాంట్లోంచి అప్పాయమ్మగారు దిగేవారు, చంద్రహారం తీసి ఇంట్లో పెట్టొచ్చినా మెడ మాత్రం అది ఉన్నట్టే నిటారుగా పెట్టుకుని. ఇంకో దాంట్లోంచి బాబూరావు దిగేవాడు, ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి ఇప్పుడు ఆటోలో ఇంకొకడు నడుపుతుంటే బ్రేకు ఎక్కడ నొక్కాలో గొణుక్కుంటూ. పేషంట్లని లోపలికి పంపేశాక తాలూకు వాళ్ళని ఉండనివ్వరు. బయట బెంచీ. ఆ బెంచీమీద మొదట్లో వాళ్ళు ఇద్దరూ చెరో చివరా కూర్చునేవారు.

సుబ్బరాజుగారు పావులు పేరుస్తున్నారు. అట్టబోర్డు మడతల దగ్గర తెల్లబడింది. ఏనుగులు మూలల్లో, వాటి పక్కన గుర్రాలు, శకట్లు, నడిమధ్య రాజూ మంత్రీ. ఒక నల్లబంటు ఎప్పుడో పోతే దాని బదులు మందుసీసా మూత. ఆడదామంటారా అని అడగలేదు ఆయన, ఈమె వద్దనలేదు. తెల్లవి ఆమెవి. రాజు ముందున్న బంటు రెండు గళ్ళు జరిపింది. ఇదొక్కటే భయం లేకుండా వేసే ఎత్తు, ఆ తరవాత ప్రతిదానికీ భయమే.

ఎలా మొదలైందో గుర్తుతెచ్చుకుంటే నవ్వొస్తుంది, ఇవాళ రాదు. ఆయన ఒక్కరే రెండు వేపులా ఆడుకునేవారు. చిన్నప్పుడు ఊళ్ళో లైబ్రరీ అరుగుమీద నేర్చుకున్నారట, చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయన ఆట కట్టించినవాళ్ళు లేరట, ఆ తోడు ఆడేవాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారట. ఒకరోజు ఈమె చూస్తూ చూస్తూ, ఆ గుర్రం అలా వంకరగా ఎందుకు దూకిందండీ అంది. అంతే. అదే తప్పో ఒప్పో. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చున్న మనిషి, ఏ ఆటా రాని మనిషి. పేకాట పాపమని ఇంట్లో ముట్టుకోనివ్వలేదు, తొక్కుడుబిళ్ళ ఆడే వయసులో తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగింది. గుర్రం నడక ఒంటబట్టడానికే నెల పట్టింది. రెండు గళ్ళు ముందుకి, ఒకటి పక్కకి. వేలితో కొలుచుకునేది, కొలుస్తూ కొలుస్తూ ఎక్కణ్ణించి బయల్దేరిందో మరిచిపోయేది. అదే బుర్ర ఒకప్పుడు అమలాపురం ట్రంకుబోర్డు ముందు కూర్చుని ఊళ్ళో డాక్టరుగారి నంబరు, రైసుమిల్లు నంబరు, సినిమాహాలు నంబరు, ఎవరు రాజమండ్రికి మాట్లాడతారో, ఎవరు మద్రాసుకి మాట్లాడతారో అన్నీ పుస్తకం చూడకుండా చెప్పేది. చెవులకి హెడ్‌ఫోను, రెండు చేతుల్లో వైర్లు, ఈ కన్నంలోంచి ఆ కన్నంలోకి. ఒక్కటి తప్పు గుచ్చితే పెళ్ళికబురు వెళ్ళాల్సిన ఇంటికి చావుకబురు వెళ్తుంది. ఒక్కటీ తప్పలేదు. ఆ బుర్ర ఏమైంది? నంబర్లన్నీ ఎటు పోయాయి? ఇప్పుడు స్టవ్ లైటరు ఫ్రిజ్‌లో దొరుకుతోంది.

సుబ్బరాజుగారు గుర్రాన్ని బయటికి తీశారు. ఎందుకు తీశారు? ఆ ప్రశ్న ఇప్పుడు దానంతటదే వస్తోంది. అది రావడానికి ఎన్ని నెలలు పట్టిందో. ఆయన చెప్పిన పాఠం అదొక్కటే. మొదట్లో టీ చల్లారేలోపు ఓడిపోయేది. అప్పుడొకసారి ఆయన విసుక్కున్నారు, "మీ ఎత్తు మీరు చూసుకుంటున్నారు, బానే ఉంది. నా ఎత్తు ఎవరు చూస్తారండీ?" ఇంటికెళ్ళి అన్నం వార్చుకుంటూ ఆలోచించింది. నిజమే, ఎదుటివాళ్ళు ఏం చేస్తే తనేం చెయ్యాలో చూసుకోవడం తప్ప వాళ్ళు ఎందుకు చేస్తున్నారో అడిగిందెప్పుడు? బాబూరావు కోప్పడితే ఊరుకునేది, ఆఫీసరు కోప్పడితే ఊరుకునేది. ఎందుకని ఎవరినీ అడగలేదు. కూతురు సుస్మిత కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఫోన్లో చదరంగం పెట్టి ఇచ్చింది. తెల్లారగట్ల బాబూరావు లేవకముందు, పాలు పొంగేలోపు, ఒకటో రెండో చిక్కులు విప్పేది. నిన్న అర్థమైంది ఇవాళ కనపడేది కాదు. నేర్చుకున్నదంతా రాత్రికి రాత్రే ఇంకిపోయి పొద్దున్నకి చెలమ ఎండినట్టుండేది, మళ్ళీ తవ్వాలి. తవ్వగా తవ్వగా టీ తాగి గ్లాసు కడిగేదాకా నిలబడటం వచ్చింది. తరవాత బాబూరావుకి బీపీ చూసే వేళదాకా. నెగ్గడం మాత్రం రాలేదు. ఆయన మీద ఒక్కసారి కూడా రాలేదు. చర్చిలో ఎవరో అన్నారట, సత్యవతమ్మగారు ఆసుపత్రి వరండాలో రాజులాయనతో బొమ్మలాట ఆడుతున్నారని. అననీ. ఆ నాలుగు గంటలూ వాళ్ళొచ్చి కూర్చుంటారా.

ఆమె శకటుని ఏటవాలుగా లాగింది. ఆయన బంటుతో బెదిరించారు. వెనక్కి తీసుకుంది. మునుపైతే మొండికేసి అక్కడే ఉంచి పోగొట్టుకునేది.

మొదట్లో చంపిన పావుని ఆయన ఆమె చేతికిచ్చేవారు కాదు, బెంచీమీద పెట్టేవారు. అది అలవాటో, ఆలోచనో. ఆమె అడగలేదు. వాళ్ళమ్మ ఇలాంటి రాజుల చేలల్లోనే ఊడ్పులు ఊడ్చి, దోసిట్లో మజ్జిగ పోయించుకుని తాగి, ఇంటికొచ్చి బైబిలు కూడబలుక్కుంటూ చదివి పిల్లల్ని చదివించింది. కనక ఎవరు ఎక్కడ ఏం పెడతారో కనిపెట్టడం సత్యవతికి పుట్టుకతో వచ్చింది, చదరంగం కంటే ముందొచ్చింది. ఆయన ఫ్లాస్కు ఆయనది, ఈమె ఫ్లాస్కు ఈమెది. మరి అప్పాయమ్మగారికి మిషను మీదే బీపీ పడిపోయి లోపల అందరూ పరిగెత్తిన రోజు, ఆయన ఈ బెంచీమీద కూలబడి నోరెండిపోయి కూర్చుంటే, ఈమె తన టీ గ్లాసు అందించింది. అందుకుని తాగేశారు. తాగాక ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు. ఆ తరవాతెప్పుడో చూసుకుంటే పావులు చేతిలోనే పెడుతున్నారు. ఏమ్మా అనేవారు కాస్తా సత్యవతిగారూ అంటున్నారు. ముట్టుకుంటే కదపాల్సిందే అన్న రూలు మాత్రం ఆమే పెట్టించింది. పాపమని ఆయన, వెనక్కి తీసుకోండి, ఇంకోటి వేసుకోండి, అంటుంటే ఒకరోజు ఒళ్ళు మండి, "నాకూ మీ రూలేనండి" అంది. ఆయన మీసం దువ్వుకుని ఆమెని మొదటిసారి చూసినట్టు చూశారు.

ఇప్పుడు కూడా ఆలోచిస్తూ చెయ్యి పైపెదవి మీదికి పోనిచ్చారు. వేళ్ళకి ఏమీ దొరకలేదు. చెయ్యి గాల్లో కాసేపు అక్కడే ఉండి, దిగింది.

అప్పాయమ్మగారు పోయారని తెలిసిన రోజు తను ఫోన్ చేసింది కదా. "ఆయ్, ఉంచుతానండి" అని పెట్టేశారు. వెళ్ళలేకపోయింది. ఒకరోజు మిషను, ఒకరోజు మిషను చేసిన నీరసం, మధ్యలో రాజోలు దాటి వెళ్ళి రావడం ఎలా. అవన్నీ నిజాలే. ఇంకోటి కూడా నిజం. ఆ పొద్దున్న టెక్నీషియను కీర్తి తలుపు దగ్గర ఆపి, అప్పాయమ్మగారు లేరండి, రాత్రి పోయేరట, అన్నప్పుడు సత్యవతి మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట అయ్యో కాదు. ఇక ఎవరితో ఆడాలి, అని వచ్చింది. తరవాత అయ్యో వచ్చింది, ఏడుపూ వచ్చింది, కానీ ముందొచ్చింది అది. రాత్రి మోకాళ్ళమీద కూర్చుని ఆ మాటకోసం క్షమాపణ అడుగుదామని నోరు తెరిస్తే, మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. అప్పాయమ్మగారు ఎంత మాటకారి! రెండు మంచాల మధ్య గొట్టాలు అడ్డం ఉన్నా బాబూరావుతో తగువే. మీ బస్సు ఎక్కేనండి ఒకసారి, నా పుట్టింటి ముందు ఆపమంటే ఆపలేదు మీరు, అని. ఆపే చోటు కాదండి అది, అని ఈయన. ఇంటిచుట్టూ కొబ్బరితోట పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగకూడని జబ్బు పెట్టేడు దేవుడు, మీ దేవుడా మా దేవుడా తేల్చండి బాబూరావుగారూ, అని. ఈయన నవ్వడం ఆమెతోనే. ఆ మంచం ఖాళీ అయ్యాక బాబూరావు గోడవేపుకి తిరిగి పడుకుంటున్నాడు. అన్నం సగం వదిలేస్తున్నాడు. ఏమీ అనడు. అనకపోయినా తెలుస్తుంది, పక్క సీటు ఖాళీ అయితే తరవాతి స్టాపు ఎవరిదో డ్రైవరుకి తెలియదా.

ఛీ, ఏం ఆలోచన.

చెరో రెండు బంట్లు పోయాయి. శకటుకి శకటు పోయింది. ఆమె గుర్రం నడిమధ్య గడిలో కుదురుకుంది, వెనక బంటు కాపలాతో. అక్కడ బాగుందని తెలుసు, ఎందుకు బాగుందో చెప్పమంటే చెప్పలేదు. కళ్ళు మసకబారుతున్నాయి, నల్ల గళ్ళూ తెల్ల గళ్ళూ ఒకదాంట్లోకి ఒకటి పాకుతున్నాయి. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. గేటు బయట బొండాలవాడు కత్తితో టపటపా చెక్కుతున్న చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది.

"ఆ రోజు కొబ్బరినీళ్ళు అడిగిందండి" అన్నారు సుబ్బరాజుగారు, బోర్డు మీంచి తలెత్తకుండా.

సత్యవతి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"తోటలో కాయల దింపు జరుగుతోంది. అరుగుమీద కుర్చీలో కూర్చుంది. లేతవి రెండు పడ్డాయి. ఒక్క గుక్క, అంది. మూడేళ్ళనుంచీ అడుగుతూనే ఉంది, మూడేళ్ళూ లేదనే అన్నాను. ఆ రోజు ఇచ్చేను. రెండు గుక్కలు."

"రెండు గుక్కలకి ఏమవుతుందండీ."

"డాక్టరుగారూ అదే అన్నారండి. గుండె ముందే దెబ్బతిని ఉందన్నారు. ఏది దేనివల్లో చెప్పలేమన్నారు." ఊపిరి తీసుకున్నారు. "తాగి, తియ్యగా ఉన్నాయి రాజుగారూ, అంది." ఏనుగుని ఇటు వరసలోంచి ఎత్తి అటు చివరికి తీసుకెళ్ళి పెట్టారు. "మీ ఎత్తండి."

ఏమనాలి? తియ్యగా ఉన్నాయంది కదా, అదన్నా దక్కింది కదా అనాలా? ఆవిడ ప్రాణం మీ చేతిలో పోలేదండీ అనాలా? తనకేం తెలుసు? రేపు ఈయన, బాబూరావు, చెంబెడు నీళ్ళు అడిగితే, లెక్కగా పోసే ఆ చిన్న గ్లాసు విసిరికొట్టి చెంబెడు అడిగితే, తనేం చేస్తుంది? ఇస్తుందా? ఇచ్చి, అరుగుమీద కూర్చుని చూస్తుందా? జవాబు వెతుక్కుంటూ చూపు బోర్డుమీద పడింది. ఆయన ఎందుకు జరిపారు ఆ ఏనుగు? ఏదో కోసం జరిపారు, అటు బంటుకోసం కాబోలు. మరి ఇటు? ఇటు అది కాపలా కాస్తున్న గడి ఒకటుందే, దానికిప్పుడు కాపలా ఎవరు?

ఎవరూ లేరు.

గుర్రం. రెండు ముందుకి, ఒకటి పక్కకి. ఆ గడిలోకి దూకితే ఒక కాలు ఆయన రాజు మీద, ఇంకో కాలు మంత్రి మీద. రాజుకి చెక్ కనక రాజు కదలక తప్పదు, మంత్రి పోతుంది. వేలితో కొలవలేదు. కొలవకుండానే కనపడింది, పాత ఎక్స్ఛేంజీలో లైటు వెలిగిన కన్నం కనపడ్డట్టు. ఇదే దెబ్బ ఆయన ఈమెని ఎన్నిసార్లు కొట్టారో. చూసి వేశారా, చూడక వేశారా? ఆ రెండు గుక్కల మాట చెబుతూ చెబుతూ, బుర్ర అక్కడ లేక జరిపేశారా? లేకపోతే కావాలనే? తనని తాను ఎవరిచేతైనా కొట్టించుకోవాలని, ఎవరూ కొట్టడం లేదని, బంధువులందరూ వచ్చి మీ తప్పేం లేదు మీ తప్పేం లేదు అని వెళ్ళిపోయారని, అందుకని రాజోలు అవతల్నుంచి బస్సెక్కి వచ్చి మంత్రిని తెచ్చి తన ముందు పెట్టారా? లేదా, పాపం ఈవిడ ఇన్నాళ్ళూ ఓడిపోయింది, ఆఖరిసారిగా ఒకటి ఇచ్చేసి వెళ్దామని దానం చేస్తున్నారా? దానమైతే వద్దు. శిక్షైతే అసలే వద్దు. చూడనట్టు ఇంకేదో బంటు జరిపెయ్యొచ్చు. ఆయన తేరుకుని ఏనుగు వెనక్కి తెచ్చుకుంటారు, ఆట ఎప్పటిలాగే ఓడిపోవచ్చు, ఎవరికీ ఏమీ కాదు. ఎంత హాయి. చిన్నప్పట్నుంచీ అలవాటున్న హాయి.

"చూసుకునే వేశారా అండీ?" నోరు జారింది.

ఆయన తలెత్తారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినందుకో, నిద్రలేకో. "వేసేక అడక్కూడదండి. మీరు పెట్టించిన రూలే కదా."

అందులోంచీ ఏమీ తెలియలేదు. గుర్రం తల పట్టుకుంది. ముట్టుకున్నాక ఇంక కదపాల్సిందే. ఎత్తి ఆ గడిలో దింపింది, చప్పుడు కాకుండా, నిద్రపోతున్నవాళ్ళ గదిలో చెంబు పెట్టినట్టు. "చెక్ అండి."

సుబ్బరాజుగారు బోర్డు వైపు చాలాసేపు చూశారు. చెయ్యి మళ్ళీ మీసం దాకా వెళ్ళింది, మళ్ళీ దిగింది. రాజుని పక్కకి జరిపారు. ఆమె మంత్రిని తీసుకుంది. ఆయన ఏనుగుతో గుర్రాన్ని కొట్టి, ఆ గుర్రాన్ని ఆమె అరచేతిలో పెట్టారు. అయిపోయిందనుకుంది. ఇప్పుడు నవ్వి, నెగ్గేరండి, అని అట్ట మడిచేస్తారనుకుంది.

మడవలేదు. ముందుకి వంగారు. చొక్కా చేతులు మడతపెట్టుకున్నారు. ఉన్న రెండు ఏనుగుల్నీ ఒకే వరసలోకి తెచ్చి ఆమె రాజు మీదికి తోలారు. ఒక బంటుని వదిలేసి ఇంకో బంటుని పరిగెత్తించారు. ఆమె కొడితే కొట్టించుకున్నారు, కొట్టించుకుని ఇంకో మూల్నించి వచ్చారు. తన మంత్రి బోర్డుమీదే ఉండి కూడా ఆమెకి ఊపిరాడలేదు. ఈయన దెబ్బ ఒకటి తప్పించుకుంటే రెండోది సిద్ధం. నడుము పీకేస్తోంది. పొద్దుటి ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయి కళ్ళముందు చిన్నచిన్న చుక్కలు తేలుతున్నాయి. ఏదో ఒకటి వేసెయ్యి, అంటోంది లోపల ఒక గొంతు, బాగా తెలిసిన గొంతు. ఆమె ఓడిన ఆటలన్నీ ఆ గొంతు ఓడించినవే. తెలియక ఓడినవి తక్కువ, ఇంక చాలు అయిపోతే బాగుండు అని వేసి ఓడినవే ఎక్కువ. ఆటలే కాదు. ఏదో ఒకటి వండెయ్యి, ఏదో ఒకటి అనెయ్యి, సంతకం పెట్టెయ్యి, పడుకో. ఇవాళ కాదు. ఒక్క గంట. అప్పాయమ్మగారికోసం కాదు, ఆయనకోసమూ కాదు. తను చూసిన గడిని తను చూసినట్టే ఉంచుకోవడంకోసం. ప్రతి ఎత్తుకీ ఆగింది. ఎందుకేశారు? అదెందుకేశారు? ఒక ఏనుగుకి ఏనుగుని మార్చుకుంది. రెండోది కూడా మార్చుకుంది. పరిగెత్తిన బంటుని, ఇంకా మిగిలిన పావుల్నీ ఒక్కొక్కటే పట్టుకుంది.

ఇంక ఆయనకి మిగిలింది మూలకి చేరిన రాజూ, ముందు దారి మూసుకుపోయి కదలలేని ఒక్క బంటూ. ఆమె మంత్రి ఇంకొక్క అడుగు దగ్గరికి వెళ్తే అయిపోతుంది. చెయ్యి చాపింది. వేలు మంత్రి నెత్తికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆయన ఊపిరి బిగబట్టారు. వినపడింది అది, లేక, వినపడకపోవడం వినపడింది. ఎందుకు బిగబట్టారు? ఆ మూలకే ఎందుకెళ్ళారు రాజుతో, ఇటు రెండు గళ్ళు ఖాళీగా ఉండగా? చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మంత్రి అక్కడికెళ్తే రాజుకి చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు. బంటూ కదలదు. డ్రా. చేతిలోకొచ్చింది అలా ఆవిరైపోవడం ఆమెకి కొత్త కాదు, వేసవంతా ఫోన్లో ఇలాగే పోగొట్టుకుంది. ఈయన అది కావాలనే అక్కడ పెట్టుకుని కూర్చున్నారు. వల. మీసం లేని ఆ మొహంలో వల వేసినవాడి కళ్ళు.

అంటే దానం కాదు.

మంత్రిని వదిలేసి రాజుని ఒక్క గడి ముందుకి నడిపించింది. ఆయన రాజుకి ఊపిరాడే గడి ఒకటి వదిలింది. ఆయన జరిగారు. మళ్ళీ జరిగారు. ఆమె మంత్రితో చెక్ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. మూడోసారి చెప్పి, ఆయన రాజు చుట్టూ ఉన్న గళ్ళన్నీ ఒక్కొక్కటే కళ్ళతో తడుముకుని, "ఆట కట్టేనండీ" అంది. అడిగినట్టుగానే అంది.

సుబ్బరాజుగారూ గళ్ళన్నీ తడుముకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఆటా అండీ? ఆ ఏనుగు నేను కదపకపోతేనా!"

"కదిపేరు కదండి."

"కదిపేను, బుర్ర గడ్డి తిని! అటు బంటుని చూసుకుంటున్నాను, ఈ గుర్రం సంగతే చూసుకోలేదు. లేకపోతే మీకు ఆ గడి దొరుకుతుందా? కలలో దొరకదు." గొంతు పెరిగింది. అటు బెంచీమీది వాళ్ళు తిరిగి చూశారు. "అంతదాకా చూడండి, నాదే పైచెయ్యి. అవునా కాదా?"

"మీదేనండి."

"మరి!"

నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. మెడమీద నరం కొట్టుకుంటోంది, లేత పైపెదవి మీద చెమట పట్టింది, కూర్చున్నచోట కుదురు లేక బోర్డుని తనవేపు లాక్కుని పావులు వెనక్కి వెనక్కి పెడుతున్నారు, ఎక్కడ పాడైందో వెతుక్కుంటూ. వరండాలో నడిచి వచ్చిన మనిషి ఈయన కాదు. సత్యవతికి సంతోషం వస్తుందనుకుంది, ఇన్నాళ్ళూ ఈ ఆట నెగ్గినప్పుడు ఎలా ఉంటుందో ఎన్నిసార్లు అనుకుందో. వచ్చింది అది కాదు. బిగుతు చెప్పులు విప్పి చల్లటి గచ్చుమీద పాదం ఆనించినట్టు, అంతే. అదే చాలనిపించింది.

"బాబూరావుగారి తాలూకు!" కీర్తి తలుపు తీసి పిలిచింది.

లేచి లోపలికెళ్ళింది. మిషను పీప్ పీప్ మంటోంది. కీర్తి సూది లాగి దూది పెట్టగానే సత్యవతి దానిమీద రెండు వేళ్ళూ ఆనించి నొక్కిపట్టుకుంది. రక్తం ఆగేదాకా అలా పట్టుకోవాలి, వదలకూడదు. వేళ్ళకింద బాబూరావు నరం జుమ్ముమని కొట్టుకుంటోంది.

"బయట రాజుగారి గొంతులా ఉంది" అన్నాడు బాబూరావు కళ్ళు తెరవకుండా. "ఎవరిమీదో అరుస్తున్నారు."

"నామీదేనండి. ఓడిపోయేరు."

"ఎవరు?"

"ఆయనే."

బాబూరావు కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. తరవాత కిటికీ పక్క మంచాన్ని చూశాడు. "ఆయనింకా ఆడుతున్నారా" అన్నాడు, మెల్లిగా, తనలో తనే. కాసేపటికి, "గట్టిగా వొత్తు. కారుతుంది" అన్నాడు. ఆ గొంతులో విసుగు ఉంది, చాలా రోజుల తరవాత.

వొత్తింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. రెప్పల వెనక బోర్డు ఇంకా ఉంది, పావులు ఇంకా కదులుతున్నాయి. ఆయన రాజు మూలకి వెళ్ళకముందు, ఏనుగులు మార్చుకున్న వెంటనే, అప్పుడే మంత్రిని అటు చివరి వరసలోకి పంపి ఉంటే? రాజుకి ఎటూ దారి లేదు. సొంత బంటే అడ్డం. అక్కడే కట్టు. ఇంతసేపు పెనుగులాడక్కర్లేదు. ఆ వలలో అడుగుపెట్టబోయేదాకా పోనక్కర్లేదు. ఎంత తేలిక! ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన మటుకు చూశారా అది? చూసి ఉండరు. చూసుంటే ఆ బంటుని తోసి ఉండరు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, బోర్డుమీద పావులు ఇంకా అటూ ఇటూ అయిపోకముందే. బస్సుకి టైమైందని ఆయన సంచీ సర్దుకుని లేస్తున్నారేమో. ఈసారి లేస్తే మళ్ళీ ఏ రోజు మన రోజు అనుకుని వస్తారో, వస్తారో రారో. వేళ్ళు తీస్తే రక్తం.

"కీర్తీ, ఇలా రామ్మా" అంది గొంతు పెంచి. "బయట బెంచీమీద గుండుతో ఒకాయన ఉంటారు. వెళ్ళిపోవద్దని చెప్పు. ఆట ముందే కట్టయ్యేదని, నేనొచ్చి చూపిస్తాననీ చెప్పు. పావులు కదపొద్దన్నానని చెప్పమ్మా."